నీళ్లు ఆగిన పొద్దున

మా ఆయన తలకు దెబ్బ తగిలిన నాటి నుంచి నన్ను అందరూ ఒకటే ప్రశ్న అడిగారు. "ముందు ఎట్లుండేవాడు?" పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగాడు. కట్టు మార్చే నర్సమ్మ అడిగింది. ఇరవై ఏళ్లు ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు కూడా, పండ్లు పట్టుకొని చూడటానికి వచ్చి, నన్ను తలుపు పక్కకు పిలిచి అదే అడిగారు. ముందు ఎట్లుండేవాడో వాళ్లకు తెలియదా? తెలుసు. కానీ నా నోటితో వినాలి.

మా ఆయన నీళ్ల ఆఫీసులో వాల్వు మనిషి. లాస్‌పేటలో మేముండే వీధికీ చుట్టుపక్కల వీధులకూ పొద్దున, సాయంత్రం నీళ్లు వదిలేది ఆయనే. పొడుగాటి ఇనపకడ్డీ, దాని పైన అడ్డంగా పిడి. అది సైకిలుకు కట్టుకొని పోయి, రోడ్డు మీద ఇనపమూత ఎత్తి, లోపలి వాల్వును కడ్డీతో తిప్పాలి. ఏ వాల్వు ఏ వీధిది, ఎన్ని చుట్లు తిప్పాలి, ఏది కుడికి తెరుచుకుంటుంది, పాతకాలంలో వేసిన ఏ రెండు ఎడమకు తెరుచుకుంటాయి, ఇవన్నీ ఆఫీసులో ఏ కాగితం మీదా లేవు. ఆయన తలలో ఉన్నాయి. ఆ తలకే దెబ్బ తగిలింది.

ఎట్లా తగిలిందో చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆఫీసు పని మీద ఊళ్లోనే ఉన్న మేట్టుపాళయం గోడౌనుకు మోటారు సైకిలు మీద వెళ్లి వస్తుంటే, లారీలు తొక్కి తొక్కి గుంతలు పడిన రోడ్డులో, వాన నీళ్లు నిండిన గుంతలో బండి దిగబడింది. హెల్మెట్టు ఉంది. బండి అద్దానికి తగిలించి ఉంది. అద్దం పగలలేదు, హెల్మెట్టుకు గీత కూడా పడలేదు. ఆ రోజు జాగ్రత్తగా ఉన్నవి ఆ రెండే.

లోపల గడ్డకట్టిన నెత్తురు తీశారు. కుట్లు మానాయి, వెంట్రుకలు మొలిచాయి. నెలలు గడిచేసరికి మనిషి లేచి తిరిగాడు. మాట కూడా వచ్చింది, కానీ వచ్చింది తెలుగు. మాది తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. ఆయన బడికి పోయింది తమిళం, ఉద్యోగం తమిళం, సావాసగాళ్లతో పోట్లాడింది తమిళం. దెబ్బ తర్వాత ఆ తమిళం ఒక్కో మాటా తడుముకొని వచ్చేది. ఇంట్లో నేర్చిన మాట మాత్రం గడగడా వచ్చేసేది. డాక్టరు అది మామూలేనన్నాడు. ఆ మామూలు వల్లే ఈ కథంతా నడిచింది.

సెలవులన్నీ అయిపోయాక ఆఫీసులో ఒక మాట చెప్పారు. వాల్వు పనికి సిద్ధంగా ఉన్నాడని ఆసుపత్రి నుంచి కాగితం తెస్తే పాత పని ఇస్తారు. కాగితం రాకపోతే ఆఫీసు గదిలో ఫైళ్లు అందించే పని, అదీ ఖాళీ ఉంటే. లేకపోతే ఇంట్లో కూర్చోవడమే. ఆయన ఆ మాట విని అన్నం పళ్లెం పక్కకు నెట్టాడు.

"ఒగురి కుర్చీ పక్కన నిలబడి గంట కొడితే పరిగెత్తే పని నాకొద్దు. నా కడ్డీ నాకీమను. లేదంటే ఈడనే పడుకుంటా" అన్నాడు.

పడుకోవడం అంటే ఏమిటో నాకు అప్పటికే తెలిసింది. పొద్దున నాలుగున్నరకు ముప్పై ఏళ్లుగా లేచిన మనిషి. ఇప్పుడూ అప్పుడే లేచి, పోవడానికి చోటు లేక, వాకిట్లో నిలబడి కొళాయి వంక చూసేవాడు. ఆయన బదులు వచ్చిన మనిషి నీళ్లు పది నిమిషాలు ఆలస్యంగా వదిలితే "చూస్తివా, చూస్తివా" అని నన్ను లేపేవాడు. నేను చూసి ఏం చేయాలి?

కాగితం ఇచ్చేది డాక్టరు కాదు, ఒక చిన్న వయసు అమ్మాయి. ఆమె చదువుకు పొడుగాటి పేరుంది, నా నోరు తిరగదు. దెబ్బ తిన్నవాళ్లు మళ్లీ పనికి పనికొస్తారా లేదా అని పరీక్షలు పెట్టి చూసే పని. నేను థెరపీ అమ్మాయి అంటాను. ఆమెకు తెలుగు రాదు. తమిళంలో మాట్లాడింది, ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

మొదటి రోజు మాతో మా వదిన కూడా వచ్చింది. వదిన అంటే ఆయన అక్క, మా ఇంటి మేడ మీద భాగంలోనే ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకొని పెంచింది. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు.

థెరపీ అమ్మాయి ఒక కాగితం తీసి, ముందు ఎట్లుండేవారో ఇంటివాళ్లు చెప్పాలంది.

"తేదీలు మర్చిపోతారా అమ్మా?"

"ఆయనకు తేదీలు ఎప్పుడు తెలుసమ్మా? క్యాలెండరులో కాగితం చించేది పెళ్లైన కాణ్ణుంచీ నేనే" అన్నాను.

"మా తమ్ముడా?" అని వదిన అడ్డం పడింది. "పంచాంగమే వాడి నోట్లో ఉండేది. ఏకాదశి ఎప్పుడంటే తడుముకోకుండా చెప్పేవాడు."

"ఎవురి తమ్ముడు వదినా? నీకింకో తమ్ముడుండాడా?"

"కోపం ఎక్కువా?" అంది ఆ అమ్మాయి.

"పిల్లిని కూడా కోపంగా చూడడు" అంది వదిన.

"పిల్లిని చూడడు. నన్ను చూస్తాడు."

"మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారా?"

"మేడ మీది చిలక్కొయ్యకు నాలుగు మేకులు కొట్టాల్సింది, మూడు కొట్టి ఏడేళ్లయింది" అన్నాను.

"ఆ నాలుగోది గోడ బాగలేక" అంది వదిన.

ఆ అమ్మాయి కలం కింద పెట్టి "మీరిద్దరూ ఒకే మనిషి గురించే చెబుతున్నారా?" అని అడిగింది. పాపం, ఆమె తప్పు కాదు. దెబ్బ వల్ల వచ్చింది ఏది, మా ఆయనకు పుట్టుకతో వచ్చింది ఏది అని ఆమె తేల్చాలి. ముప్పై ఏళ్లలో నేనే తేల్చలేకపోయాను. మా ఆయన మాత్రం కుర్చీలో కూర్చొని, ఇదంతా తన సంగతి కాదన్నట్టు, గోడ మీది ఫ్యాను స్విచ్చులు లెక్కపెడుతున్నాడు.

తర్వాత ఆయనకు పరీక్షలు. ఆ అమ్మాయి తమిళంలో అడిగింది. ఆయన నోరు తెరిచి, మూసి, చెమటలు పట్టి, నా వంక చూశాడు. నాకు ప్రాణం ఊరుకోలేదు. "తెలుగులో చెప్పనీ అమ్మా, నేను తమిళంలో చెబుతాను" అన్నాను. ఆమె సరేనంది. ఆమె చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ నావి.

"ఒక నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలిగితే అన్ని చెప్పమనండి."

ఆయనకు చెప్పాను.

"కూరగాయలు కొనేది నువ్వు కదా మే" అన్నాడు. మళ్లీ ఆలోచించి, "వంకాయ. బెండకాయ. వంకాయ. మునక్కాయ... అదేంది, సాంబార్లో ఏస్తావే. వంకాయ. ఉర్లగడ్డ" అన్నాడు.

ఆయన చెప్పింది నాలుగు. నేను తమిళంలోకి తెచ్చేసరికి అవి తొమ్మిదయ్యాయి. నేను అబద్ధం చెబుతున్నానని నాకు అప్పుడు తోచలేదు. సొరకాయ ఆయనకు తెలియదా? చిన్నపిల్లలకు తెలుసు. నాలిక చివర ఉంది, రావడం లేదు, అంతే. ఆ చివరి నుంచి నేను అందుకొని ఇచ్చాను. కూరలో ఉప్పు తక్కువైతే వడ్డించేటప్పుడు కలిపినట్టు కలిపాను.

తర్వాత వందలో ఏడు తీసేయమంది. మిగిలిన దాంట్లో మళ్లీ ఏడు, అట్లా తీస్తూ పోవాలి.

"తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై... డెబ్భై ఆరు" అన్నాడు.

నేను డెబ్భై తొమ్మిది అన్నాను. ఆయన తన డెబ్భై ఆరు నుంచి పోతున్నాడు, నేను నా డెబ్భై తొమ్మిది నుంచి పోవాలి. నేను చదివింది నాలుగో తరగతి. ఆ చల్లటి గదిలో నాకు చెమట పట్టింది. ఆయన అరవై రెండు అనేసరికి నేను అరవై ఐదు అన్నాను. నా లెక్క సరి. ఆమె "చాలా బాగుంది" అని రాసుకుంది.

గడియారం బొమ్మ మాత్రం నేను మార్చి చెప్పలేకపోయాను. పదకొండూ పది నిమిషాలు పెట్టమంటే, గుండ్రం చక్కగా గీసి, అంకెలు చక్కగా వేసి, ముళ్లు నాలుగూ ముక్కాలు దగ్గర పెట్టాడు.

"ఇదేంది అయ్యా?" అన్నాను.

"ఇంట్లోంచి బయల్దేరే టైము. ఇంకే టైము పెడతారు?" అన్నాడు.

కాగితం వచ్చింది. పనికి తీసుకోవచ్చు, మొదట కొన్నాళ్లు తోడుతో పంపండి అని. మా వదిన ఆ కాగితాన్ని దేవుడి పటాల ముందు పెట్టి పసుపు రాసింది. నేను దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచాను. ఇద్దరం కలిసి ఆ మనిషిని పొద్దున్నే సైకిలెక్కించాం.

మూడు రోజులు ఆఫీసు పంపిన తోడు మనిషి పక్కనే ఉన్నాడు, ఏమీ కాలేదు. నాలుగో రోజు ఆ తోడు మనిషి వాళ్లింట్లో పాపకు చెవులు కుట్టే వేడుక. "అణ్ణా, మొదటి వాల్వు నువ్వు చూసుకో, ఆరింటికి వచ్చేస్తా" అన్నాడట. మా ఆయన చూసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదటి వాల్వు మా వీధిది. మా వీధి పల్లం. ఐదింటికి మా వాల్వు తెరిచి, ఐదూ ముక్కాలుకు మూసేస్తేనే మెరక మీద ఉన్న వీధులకు నీళ్లు ఎక్కుతాయి. మూయకపోతే నీళ్లన్నీ మాకే వచ్చి పడతాయి, ట్యాంకు అడుగంటుతుంది.

ఆ పొద్దున ఐదూ ముక్కాలైంది, నీళ్లు ఆగలేదు. ఆరైంది, ఆగలేదు. నేనేం చేశాను? సంతోషపడ్డాను. బిందెలన్నీ నింపి, డ్రమ్ము నింపి, ఇడ్లీ గిన్నెలతో సహా నింపి, ఇంకా వస్తుంటే దుప్పట్లు రెండు నానబెట్టి ఉతికి, వాకిలి కడిగి, మోటారు సైకిలు కూడా కడిగాను. వాల్వు మనిషి పెళ్లాన్ని. ముప్పై ఏళ్లు. కొళాయి నా ముందు అరుస్తున్నా నాకు వినపడలేదు.

ఏడింటికి మెరక వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా వాకిట్లోకి వచ్చారు. నేను తడిచీర పైకి దోపుకొని దుప్పటి పిండుతున్నాను.

"ఏమక్కా, మీ వీధిలో మాత్రం కావేరి పారతా ఉండాదా?" అంది ముందున్నామె.

"తలకు దెబ్బ తగిలినా సొంత వీధి మాత్రం మర్చిపోలేదే మీ ఆయన" అంది వెనకున్నామె.

నేను నింపిన బిందెలన్నీ వాళ్లకు పోశాను. అవమానంతో ఇడ్లీ గిన్నెల్లో నీళ్లు కూడా పోశాను. మా ఆయన తొమ్మిదికి వచ్చాడు. తెరిచినాక ఎవరో పలకరించారట. ఆరోగ్యం ఎట్లుందని అడిగారట. చెబుతూ టీ తాగాడట. టీ తాగినాక రెండో వాల్వు దగ్గరికి పోయాడట. అంతే. మధ్యలో మూసేది అనే ముక్క ఎవరో గోరుతో గిల్లి తీసేసినట్టు పోయింది. "మూసినాననే అనుకుంటి" అన్నాడు. పది సార్లు అన్నాడు.

ఆఫీసు కడ్డీ తీసుకుంది. ఆసుపత్రికి మళ్లీ పొమ్మన్నారు.

థెరపీ అమ్మాయి పాత కాగితం చూసి, తల గోక్కొని, "లెక్కలు ఇంత బాగా చేశారు, కూరగాయలు తొమ్మిది చెప్పారు, మరి ఎందుకిట్లా?" అంది. అప్పుడు నేను చెప్పేశాను. తొమ్మిదిలో ఐదు నావి, అరవై ఐదు నాది అని. చెబుతుంటే వదిన నా మోచేతిని గిల్లుతూనే ఉంది.

ఆ అమ్మాయి అరుస్తుందేమో అనుకున్నాను. పాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "అమ్మా, అయితే నేను పరీక్ష పెట్టింది మీకు. మీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. వాల్వు పనికి మీరు వెళ్లొచ్చు" అంది.

మా ఆయన నవ్వాడు. ఆసుపత్రిలో అన్ని నెలల్లో మొదటిసారి నవ్వాడు, అదీ నన్ను చూసి.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, అది నవ్వేది కాదు. "ఆయన మర్చిపోయిన ప్రతిదీ మీరు అందిస్తుంటే, ఆయన ఏది మర్చిపోతారో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. రోడ్డు మీద మీరుండరు కదా" అంది. ఇంకోసారి పరీక్ష పెడతాను, ఈసారి గదిలో కాదు, వాల్వు దగ్గరే, ఆఫీసుతో నేను మాట్లాడతాను అంది. అంతవరకు వారం రోజులు ఇంట్లో నేను నోరు విప్పకూడదు. మాత్ర వేసుకో అనకూడదు, గొళ్లెం పెట్టావా అనకూడదు, చొక్కా గుండీ తప్పింది అనకూడదు.

ఆ వారం నేను పడిన పాటు దేవుడికెరుక. స్నానానికి నీళ్లు తోడుకొని మర్చిపోయి కూర్చుంటాడు, నీళ్లు చల్లారిపోతాయి, నేను గోడకు చెప్పుకోవాలి. సెల్‌ఫోనులో అలారం పెట్టి ఇచ్చింది ఆ అమ్మాయి. అది మోగుతుంది, ఆయన నొక్కుతాడు, ఆగుతుంది, ఎందుకు మోగిందో తెలియదు. "ఇదేంటికి మే మోగె?" అని నన్నే అడుగుతాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయేదాన్ని. మేడ మీద నుంచి వదిన "ఏంది, ఇంట్లో సద్దే లేదు, ఎవురికన్నా ఒంట్లో బాగలేదా?" అని దిగి వచ్చేది.

పరీక్ష రోజు పొద్దున ఐదుకు ముందే ఆ అమ్మాయి స్కూటీ వేసుకొని మా వీధి మొగకు వచ్చింది. తోడు మనిషి కడ్డీ తెచ్చి మా ఆయన చేతికిచ్చి పక్కకు నిలబడ్డాడు. నేను కూడా పోయాను. రావద్దని ఎవరూ అనలేదు, మాట్లాడవద్దు అన్నారు, అంతే.

ఆయన మూత ఎత్తాడు. కడ్డీ దింపాడు. "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెడుతూ తిప్పుతున్నాడు. ఆ అమ్మాయి కావాలనే, సరిగ్గా మధ్యలో, "అయ్యా, ఆ ఎదురు టీ కొట్టు ఎన్నేళ్ల నుంచి ఉంది?" అని అడిగింది.

ఆయన తల ఎత్తి, "అదా, వాళ్లయ్య కాలం నుంచీ" అని మెల్లగా తమిళంలో జవాబు చెప్పి, మళ్లీ కడ్డీ పట్టుకొని ఆగిపోయాడు. ఎన్ని చుట్లయ్యాయో పోయింది. నాకు తెలుసు. ఏడు. ఏడు అనే మాటను పళ్ల మధ్య పట్టుకున్నాను. ఆయన నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

ఆయన ఏం చేశాడంటే, తిప్పినదంతా వెనక్కి తిప్పి, వాల్వు బిగుసుకునేదాకా మూసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి రాసుకుంది. ఆమె ముఖం చూస్తే బాగానే రాసుకుందని తెలిసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. వీధిలో కొళాయిలు గాలి కక్కి, దగ్గి, నీళ్లు పట్టాయి.

తర్వాత ఆయన ఒక పిచ్చిపని చేశాడు. మూత దగ్గర రెండు చెప్పులూ విప్పి, పక్కపక్కన పెట్టి, ఉత్త కాళ్లతో రోడ్డు దాటి టీ కొట్టుకు పోయాడు.

రోడ్డు మీద చెప్పులు మర్చిపోయే మనిషికి కాగితం ఎవరిస్తారు? ఆ అమ్మాయి ఇంకా చూడలేదు, పుస్తకంలో రాసుకుంటోంది. నేను గబగబా ఆ చెప్పులు తీసుకొని కొంగు చాటున పెట్టుకొని, టీ కొట్టు బల్ల దగ్గరికి పోయి, ఆయన కాళ్ల ముందు చప్పుడు కాకుండా పెట్టాను. ఆయన టీ ఊదుకుంటూ, కిందికి చూడకుండానే కాళ్లు దూర్చేశాడు. నోరు మూసుకోమంటే మూసుకున్నాను కదా. చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఐదూ ముక్కాలైంది. ఆయన లేచాడు. కడ్డీ భుజాన వేసుకున్నాడు. వాల్వు వైపు కాకుండా, రెండో వీధి వైపు నడిచాడు.

ఆ అమ్మాయి గడియారం చూసుకుంది. నా వంక చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన నడుస్తూనే ఉన్నాడు. పాల బూతు దాటాడు, ఇస్త్రీ బండి దాటాడు. నా వెనక కొళాయిలన్నీ పారుతూనే ఉన్నాయి, ప్రతి ఇంటి ముందూ వినపడుతోంది. ఏడ్చేశాను. చప్పుడు లేకుండా.

మలుపు దగ్గర ఆయన ఆగాడు. వంగి కాళ్ల వంక చూసుకున్నాడు. కుడికాలు ఎత్తి చూశాడు, ఎడమకాలు ఎత్తి చూశాడు. అక్కడి నుంచే అరిచాడు.

"ఎవురే నా చెప్పులు తెచ్చింది?"

నేను మాట్లాడకూడదు కదా.

పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చి, మూత ఎత్తి, వాల్వు మూసి, చెమట తుడుచుకొని నా మీద పడ్డాడు. "చెప్పులు ఆడుంటే నీళ్లు పోతా ఉండాయని అర్థం. చెప్పులు కాళ్లకుంటే మూసినానని అర్థం. టీ కొట్టు కాడ ఏసుకున్నట్టు మలుపులో తోచబట్టి సరిపాయె. ఉత్త కాళ్లతో నేను యాడికి పోతా? గులకరాయి గుచ్చుకుంటే తెలీదా, వెనక్కి రానా? ఇంత చిన్న పని, నువ్వు చెడపకుండా ఉండలేవా మే?"

"నాకేం తెలుసు? నాకొక మాట చెప్పుండొచ్చు కదా!" అన్నాను. పరీక్ష, నిబంధన అన్నీ మర్చిపోయాను.

"చెప్తే నువ్వు గుర్తు చేస్తావు. గుర్తు చేయకూడదంటిరి కదా!"

"అయ్యా, ఈ ఉపాయం మీకెవరు చెప్పారు?" అని ఆ అమ్మాయి అడిగింది. మీరు చెప్పారా అన్నట్టు నా వంక కూడా చూసింది.

"ఎవురూ చెప్పలే. ఈ వారం ఇంట్లో సద్దు లేదు. అప్పుడు తోచింది" అన్నాడు. "చెప్పులిప్పకుండా ఇంట్లోకి ఒక్కనాడూ పోలేదు నేను. తలకు తెలీకపోయినా కాలికి తెలుస్తాది."

ఈ మాట నాకు సంతోషమా, తిట్టా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమె ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటే నేను ఎవరితోనో చదివించుకున్నాను. మొత్తం పనికి ఇంకా సిద్ధం కాలేదు. పొద్దున పూట మా వీధి వాల్వు, దాని పక్క రెండూ మాత్రమే చూడవచ్చు. సాయంత్రం పని లేదు. మోటారు సైకిలు నడపకూడదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. మొదటి రెండు వారాలు తోడు మనిషి దూరం నుంచి గమనించాలి. చివరి వరుస ఒకటుంది. భార్య వెంట రాకూడదు. మా ఆయన గురించి ఆరు వరుసలు, నా గురించి ఒకటి, అదీ ముద్రతో సహా. మా వదిన ఈ కాగితానికి కూడా పసుపు రాయబోయి, చివరి వరుస విని నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"సగం పనే ఇచ్చినారు" అని మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"సగం తలకు సగం పని. ఇంకా ఏం కావాలి నీకు?" అన్నాను. కడ్డీ మాత్రం సైకిలుకు గట్టిగా కట్టాడు, మూడుసార్లు లాగి చూసుకున్నాడు.

ఆ రెండు వారాలు అయిపోయి, తోడు లేకుండా ఒంటరిగా పోయిన మొదటి రోజు నేను వెంట పోలేదు. వాకిట్లో కొళాయి ముందు ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాను. ఐదింటికి కొళాయి దగ్గి, నీళ్లు పట్టింది. సంతోషం లేదు నాకు. తెరవడం ఆయనకు ఎప్పుడూ వచ్చు. రెండు బిందెలు నింపి, మూడోది నింపలేదు. దుప్పట్లు ముట్టలేదు. నీళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

ఐదూ ముక్కాలైంది. నీళ్లు వస్తున్నాయి. ఐదూ యాభై. వస్తూనే ఉన్నాయి. పోయి చూద్దామని లేచాను, గుమ్మం దాకా పోయాను, ఆ చివరి వరుస గుర్తొచ్చి వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఏదైనా కుక్క చెప్పు ఎత్తుకుపోయిందా? ఎవరైనా నాలాంటిది ఒకతి పాపమని తెచ్చి ఇచ్చిందా? ఆ వీధిలో అందరూ మంచివాళ్లే, అదే నా భయం. నిమిషం నిమిషానికీ ఆ మనిషిని తిట్టాను, ఆ అమ్మాయిని తిట్టాను, హెల్మెట్టు తగిలించుకున్న ఆ అద్దాన్ని తిట్టాను.

ఐదూ యాభై రెండుకు ధార సన్నబడింది. దారమంత అయింది. చుక్కలు పడ్డాయి. ఆగిపోయింది.

నేను కొళాయి తల మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాను. మేడ మీద తలుపు ధడాలున తెరుచుకుంది. తల నిండా శీకాయ నురగతో, కళ్లు మూసుకొని, వదిన పిట్టగోడ పట్టుకొని అరుస్తోంది.

"ఎవుడే ఆ వాల్వు మూసింది? తల మీద నురగ ఇంకా పోలే! ఇంకో రెండు నిమిషాలు ఆగలేడా, చేతులు పడిపోను!"

"నీ తమ్ముడే వదినా" అన్నాను.

వదిన నుదుటి మీది నురగ చేత్తో తోసుకుంది. తర్వాత, కళ్లు తెరవకుండానే, "సరే, సరే. నీ దగ్గర బిందె ఉందా?" అంది.

రెండే నింపాను. ఒకటి పైకి మోసుకుపోయాను.